‘ది ఫైర్‌మెన్స్ బాల్’ను ఎలా చూడాలి: 73 నిమిషాల చెక్ హాస్యచిత్రానికి సమగ్ర మార్గదర్శి

కమ్యూనిస్టు పాలనలో ఉన్న చెకొస్లొవేకియాలో ఒక చిన్న ఊరు. ఆ ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళం శీతకాలంలో ఒక వేడుక పెడుతుంది. బ్యాండు, డాన్సు, బీరు, లక్కీ డ్రా, అందాల పోటీ, చివర్లో దళం మాజీ అధ్యక్షుడికి సన్మానం. ఇంతే కార్యక్రమం. తెల్లారేలోపు ఇందులో ఒక్కటీ సవ్యంగా జరగదు. 1967లో మిలోష్ ఫోర్మన్ తీసిన ఈ సినిమా చెక్ పేరు ‘హోర్జీ, మా పనెంకో’. ప్రపంచానికి ‘ది ఫైర్‌మెన్స్ బాల్’గా తెలుసు. బాల్ అంటే ఇక్కడ డాన్సు వేడుక.

సినిమా నిడివి 73 నిమిషాలు. మన సినిమాల్లో అయితే అప్పటికి ఇంటర్వెల్ పడదు. అందుకే చాలామంది ఏదో చిన్న కామెడీ అనుకుని కూర్చుంటారు, నవ్వుతారు, లేచిపోతారు. కొందరు సగంలో ఆపేస్తారు కూడా. హీరో ఎవరో తెలియదు, కథ ఎటు పోతోందో తెలియదు, పేర్లు గుర్తుండవు, ఒకేలాంటి యూనిఫాంలో పదిమంది నడివయసు మగవాళ్ళు అటూ ఇటూ తిరుగుతుంటారు. ఆ అయోమయం సినిమాలో లోపం వల్ల వచ్చింది కాదు. చూసేవాడు కన్ను ఎక్కడ పెట్టాలో తెలియకపోవడం వల్ల వచ్చింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ సినిమాను ఇద్దరు ముసలివాళ్ళ వైపు నుంచి చూడాలి. ఒకాయన సన్మానం జరగాల్సిన మాజీ అధ్యక్షుడు. ఇంకొకాయన ఇల్లు తగలబడిపోయే హవెల్కా. అగ్నిమాపక దళానికి ఆ రాత్రి ఉన్న నిజమైన పనులు రెండే: ఒకరిని గౌరవించడం, ఒకరిని కాపాడటం. మిగతాదంతా హడావిడి. ఈ ఇద్దరినీ కనిపెట్టుకుని ఉంటే సినిమా మొత్తం అర్థమవుతుంది. ఎలాగో మెట్టు మెట్టుగా చెప్తాను.

మొదటి మెట్టు: సరైన ప్రింటు, సరైన సబ్‌టైటిల్స్

యూట్యూబులో దొరికే మసక కాపీలతో మొదలుపెట్టకండి. ఇది ఫోర్మన్ తీసిన మొదటి కలర్ సినిమా. ఛాయాగ్రాహకుడు మిరొస్లావ్ ఒండ్రిచెక్. హాలులోని వెచ్చటి పసుపు వెలుగు, బయటి మంచు నీలం, మంటల ఎరుపు, ఈ మూడింటి తేడా కనబడకపోతే అగ్నిప్రమాదం సన్నివేశం సగం పోయినట్టే. పునరుద్ధరించిన ప్రింటు ఉంది, అదే వెతకండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ సరిపోతాయి. అయితే ఇందులో చాలాచోట్ల నలుగురు ఒకేసారి మాట్లాడతారు, సబ్‌టైటిల్ ఒక్కరి మాటే ఇస్తుంది. అలాంటప్పుడు చదవడం ఆపి ముఖాలు చూడండి. మాటలకన్నా అవే ఎక్కువ చెప్తాయి.

రెండో మెట్టు: నాలుగు సంగతులు తెలుసుకుని కూర్చోండి

మొదటిది స్వచ్ఛంద అగ్నిమాపక దళం అంటే ఏమిటన్నది. ఇది ప్రభుత్వ ఫైర్ స్టేషన్ కాదు. చెక్ ఊళ్ళలో వడ్రంగులు, కొట్ల వాళ్ళు, ఫ్యాక్టరీ కార్మికులు కలిసి నడుపుకునే సంఘం. ఈ సంప్రదాయం కమ్యూనిస్టుల కంటే చాలా పాతది. చెక్ భాష మాట్లాడేవాళ్ళ మొదటి దళం 1864లో వెల్వరీ అనే ఊళ్ళో పెట్టారు. యూనిఫాం, జెండా, హోదాలు, పతకాలు, ఏటా ఒక వేడుక, అన్నీ ఉంటాయి. ఊళ్ళో పరువున్న మనుషుల సంఘం ఇది. కాబట్టి ఈ కథలో పోయేది పరువు. అది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండోది వేడుకల కాలం. సంక్రాంతి రోజుల నుంచి ఈస్టరు ఉపవాసాలు మొదలయ్యేదాకా అక్కడ బాల్‌ల సీజను. ప్రతి సంఘం తనదంటూ ఒకటి పెడుతుంది. దాంట్లో లక్కీ డ్రా తప్పనిసరి. ఊరివాళ్ళు, కొట్లవాళ్ళు ఇచ్చిన వస్తువులన్నీ ఒక పొడవాటి బల్ల మీద పేరుస్తారు. జనం టికెట్లు కొంటారు, రాత్రి చివర్లో డ్రా తీస్తారు. ఈ సినిమాలో ఆ బల్ల మీద కేకు, హ్యాము, చాక్లెట్లు, కోన్యాక్ సీసా, ఇంకా ‘ట్లాచెంకా’ ఉంటాయి. ట్లాచెంకా అంటే పంది తల మాంసం ఉడికించి, దాని జిగురులోనే గడ్డ కట్టించి ముక్కలుగా కోసుకు తినే పదార్థం. మామూలు ఇళ్ళలో ఇష్టంగా తినేది. కథలో దీనికి పెద్ద పాత్ర ఉంది.

మూడోది కొరత. ఏ సరుకు ఎంత తయారవ్వాలో పైవాళ్ళు నిర్ణయించే ఆర్థిక వ్యవస్థలో మంచి వస్తువు కొట్లో ఎప్పుడు దొరుకుతుందో ఎవరికీ తెలియదు. ఎదురుగా కనిపించినప్పుడే పట్టుకోవాలి. ఆస్తి అందరిదీ అన్నారు కాబట్టి ప్రత్యేకంగా ఎవరిదీ కాదన్న భావం బలపడింది. ఆ రోజుల్లో చెక్ జనం నోట నానిన సామెత ఒకటుంది: ‘దొంగతనం చెయ్యనివాడు తన కుటుంబాన్ని దోచుకున్నట్టే.’ ఈ ఒక్క వాక్యం తెలిస్తే లక్కీ డ్రా బల్ల చుట్టూ జరిగే ప్రతిదీ అర్థమవుతుంది.

నాలుగోది కాలం. సినిమా 1967 డిసెంబరు 15న విడుదలైంది. అప్పుడు దేశాధ్యక్షుడూ పార్టీ అధినేతా ఒక్కడే, ఆంటొనిన్ నొవొత్నీ. మూడు వారాలకే, 1968 జనవరి 5న, పార్టీ పగ్గాలు సంస్కరణవాది అలెగ్జాండర్ దుబ్చెక్ చేతికొచ్చాయి. ‘ప్రాగ్ వసంతం’ అనే స్వేచ్ఛాగాలి మొదలైంది. ఆగస్టు 20 రాత్రి సోవియట్ నాయకత్వంలోని సైన్యాలు దేశంలోకి దిగాయి. అంటే ఈ సినిమా ఒక తలుపు తెరుచుకుంటున్న సమయంలో బయటికొచ్చి, మూసుకున్న సమయంలో నిషేధంలో పడింది.

ఇంతకు మించి చదువుకుని కూర్చోనక్కర్లేదు.

మూడో మెట్టు: మొదటిసారి ఆపకుండా చూడండి

ఒక్కసారి మొత్తం చూసెయ్యండి. పేర్లు గుర్తుపెట్టుకోవాలని పాట్లు పడొద్దు. ఇందులో వేడుక నడిపే దళం కమిటీయే ఒక పాత్ర, ఊరి జనం ఒక పాత్ర. వీలైతే నలుగురితో కలిసి చూడండి, ఇది గదిలో నవ్వు వినబడాల్సిన సినిమా. ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వు గొంతులో ఆగిందో గమనించుకోండి. రెండో వీక్షణకు అదే మీ పటం.

ఇక్కడినుంచి కథ మొత్తం చెప్పేస్తాను. సినిమా చూడనివాళ్ళు ఇక్కడ ఆగి, చూసొచ్చి, మిగతాది చదవండి.

నాలుగో మెట్టు: మొదటి రెండు సన్నివేశాలను చేత్తో పట్టుకున్నట్టు చూడండి

కమిటీ సభ్యులు బల్ల చుట్టూ చేరి, ఒక పెట్టెలో ఉన్న చిన్న బంగారు రంగు గొడ్డలిని చూస్తుంటారు. మాజీ అధ్యక్షుడికి 86వ పుట్టినరోజు సందర్భంగా ఇవ్వబోయే బహుమతి అది. అసలు 85కే ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. ఈలోగా ఆయనకు కాన్సరని తేలింది. ఆ సంగతి ఆయనకు తెలుసా తెలియదా అన్న దాని మీద చర్చ నడుస్తుంది. డాక్టర్లు రోగికి చెప్పరు కాబట్టి తెలియదని ఒక వాదన.

ఈ సన్నివేశంలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. గొడ్డలి బాగుందని మెచ్చుకుంటారు, ముసలాయన మీద జాలి పడతారు. కానీ మాట ఎటు తిరుగుతోందో చూడండి. ఆయన పడుతున్న బాధ గురించి కాదు, ఇవ్వడం ఆలస్యమైతే మనం ఎలా కనిపిస్తాం అన్న దాని గురించి. ‘ఆయనకు ఏం కావాలి’ అని ఒక్కరు కూడా అడగరు. తర్వాత గంటసేపు ఈ కమిటీ తీసుకునే ప్రతి నిర్ణయం ఈ పద్ధతిలోనే ఉంటుంది.

వెంటనే హాలు. ఒకాయన నిచ్చెనెక్కి, గోడకు కట్టిన అలంకరణ బ్యానరు అంచులు నిప్పుతో కాలుస్తుంటాడు, మంటల్లోంచి వచ్చినట్టు కనబడాలని. కింద లక్కీ డ్రా బల్ల మీద ఏదో తగ్గిందని గొడవ మొదలవుతుంది. నిచ్చెన పట్టుకోవాల్సినవాడు అది వదిలి గొడవలోకి పోతాడు. నిచ్చెన జారుతుంది, పైవాడు వేలాడతాడు, బ్యానరు అంటుకుంటుంది. అగ్నిమాపక దళం సొంత హాలులో మంట, చేతికొచ్చిన అగ్నిమాపక పరికరం పనిచెయ్యదు. దొంగతనం గురించిన వాదన వల్ల నిప్పును పట్టించుకునే నాథుడు లేకపోవడం అన్న మొత్తం సినిమా సారం ఈ రెండు నిమిషాల్లో ఇమిడిపోయింది. అందుకే రెండోసారి చూసేటప్పుడు ఇక్కడ తొందరపడొద్దంటాను.

ఐదో మెట్టు: బల్లను మరవకండి

రెండో వీక్షణలో మీ కన్ను లక్కీ డ్రా బల్ల మీద ఉంచండి. దొంగతనం జరుగుతున్న క్షణాన్ని ఫోర్మన్ కెమెరా వెంటాడదు. వస్తువులు తగ్గిపోతుంటాయి, అంతే. కాపలాకు పెట్టిన యోసెఫ్ కంగారు పెరుగుతుంటుంది. కాసేపటికి తెలుస్తుంది, ట్లాచెంకా తీసింది అతని భార్యేనని. కంచే చేను మేసిన కథ. కానీ ఆమె వాదన వినండి. అందరూ తీస్తున్నారు, మనమొక్కళ్ళమే చేతులు ముడుచుకు కూర్చుంటే మనకేం మిగులుతుంది? పైన చెప్పిన సామెతను ఆమె ఆచరణలో పెట్టింది. యోసెఫ్ ముఖంలో కనిపించే ఇబ్బంది చూడండి. ఈ సినిమాలో మనస్సాక్షి ఇంకా బతికున్న ముఖం అదొక్కటే. అతనికే శిక్ష పడబోతోంది.

ఇక్కడ నటన గురించి ఒక మాట. ఈ ముఖాల్లో ఎక్కువభాగం నటులవి కావు. సినిమా తీసింది క్రకొనోషె కొండల దిగువన ఉన్న వ్రఖ్‌లాబీ ఊళ్ళో. అసలు ఫోర్మన్, అతని సహరచయితలు ఇవాన్ పాసెర్, యారొస్లావ్ పపౌషెక్ అక్కడికి వేరే కథ రాసుకోవడానికి వెళ్ళారు. ప్రాగ్‌లో ఒక పెద్ద భవనం నేలమాళిగలో దాక్కున్న సైనికుడి కథ అది. కలం కదల్లేదు. ఒక రాత్రి ఊళ్ళో నిజంగా జరుగుతున్న ఫైర్‌మెన్ బాల్‌కు పోయారు. మర్నాటి నుంచి మాట్లాడుకున్నదంతా దాని గురించే. పాత కథ పక్కకు పోయింది, కొత్త కథ వచ్చింది, అందులో నటించడానికి ఊరి అగ్నిమాపక సిబ్బందే వచ్చారు. కమిటీ పెద్దగా వేసిన యాన్ వొస్త్రిచిల్ కూడా వృత్తిరీత్యా బ్రాస్ బ్యాండు నడిపినవాడు. ఫోర్మన్ ఇలాంటివాళ్ళకు సంభాషణలు బట్టీ పట్టించేవాడు కాదు. సందర్భం చెప్పి, మాట వాళ్ళ నోట్లోంచే రానిచ్చేవాడు. అందుకే కమిటీ చర్చల్లో ఆ తడబాటు, ఆ అడ్డుతగలడాలు, ఎవరి మాటా పూర్తికాకపోవడం అంత సహజంగా ఉంటాయి.

ఆరో మెట్టు: అందాల పోటీని ఇబ్బందిగానే చూడండి

సినిమాలో నవ్వు ఎక్కువగా పండేదీ, ఇవాళ చూస్తే మింగుడు పడనిదీ ఈ భాగమే. నడివయసు కమిటీ పై అంతస్తు నుంచి డాన్సు చేస్తున్న అమ్మాయిలను ఏరుతుంటుంది. పత్రికలోని అందగత్తెల బొమ్మ పక్కన పెట్టుకుని కొలతలు తేలుస్తుంటారు. సన్మానంలో గొడ్డలి అందించడానికి అందాల రాణి కావాలి, అందుకు ఈ తిప్పలు. దొరికిన అమ్మాయిలను ఒక గదిలోకి పిలిచి వరసలో నిలబెడతారు. ఒకమ్మాయి తల్లి గది వదిలి పోనంటుంది.

ఇక్కడ అమ్మాయిల అందచందాల మీద నవ్వుకుంటే సినిమా మన చేతిలోంచి జారిపోతుంది. చూడాల్సింది ఎదుటివైపు. ఈ మగవాళ్ళకు అధికారం చేతికొచ్చింది, దాన్నేం చేసుకోవాలో తెలియదు. ‘నడువు’, ‘తిరుగు’ అని చెప్పి, తర్వాత ఏం చెప్పాలో తోచక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పోటీ మొదలయ్యేసరికి అమ్మాయిలు స్టేజి ఎక్కకుండా పారిపోయి టాయిలెట్లో గడియ పెట్టుకుంటారు. నాకు వాళ్ళ మీద అపారమైన గౌరవం ఆ క్షణంలో. ఆ రాత్రంతా కమిటీ ఆజ్ఞను నిరాకరించింది వాళ్ళే. జనం చివరికి ఒక పెద్దావిడను పట్టుకొచ్చి కిరీటం పెట్టేస్తారు, చప్పట్లు మోగుతాయి. అప్పుడే సైరను వినిపిస్తుంది.

ఏడో మెట్టు: మంట సన్నివేశం దగ్గర ఆగండి

రెండో వీక్షణలో ఇక్కడ పాజ్ నొక్కి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూడండి. ఐదారు నిమిషాల సన్నివేశాన్ని నేను ఈ సినిమాకు గుండెకాయ అంటాను.

హాలు మొత్తం బయటికి పరుగెడుతుంది. హోటలువాళ్ళకు బిల్లులు వసూలు కాలేదన్న దిగులు. ఫైరింజన్ మంచులో కూరుకుపోతుంది. దళం చేతిలో పారలు తప్ప ఏమీ మిగలవు. వాళ్ళు మంచును తవ్వి మంటల మీదికి విసురుతుంటారు. ఇల్లంతా భగభగ మండుతోంది, పారెడు మంచు గాల్లోనే ఆవిరైపోతోంది. అయినా ఆగరు. ప్రయత్నలోపం లేదని ఒప్పుకోవాలి. వీళ్ళు బద్ధకస్తులు కాదు. కష్టపడుతూనే ఉన్నారు, ఆ కష్టం ఎందుకూ కొరగావడం లేదు.

ఇప్పుడు హవెల్కాను చూడండి. ముసలాయన, రాత్రిదుస్తుల్లో. ఎవరో కుర్చీ వేసి కూర్చోబెడతారు. కాలుతున్న సొంతింటిని చూడటం ఆయనకు బాధ కదా అని కుర్చీని అటువైపు తిప్పుతారు. మంచి మనసే. కాసేపటికి చలేస్తోందేమోనని ఇంకో మంచి మనసు. ఏం చెయ్యాలి? కుర్చీని మంటకు ఇంకాస్త దగ్గరగా జరుపుతారు. తన ఇల్లు బూడిదవుతుంటే ఆ మంట దగ్గరే ఆయన చలి కాచుకుంటున్నాడు. వెనక పానీయాల బల్ల వేసి తాగడానికి అమ్మేస్తుంటారు, చూడవచ్చిన జనం గ్లాసులు పట్టుకుని నిలబడతారు. ‘ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు’ అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. ఫోర్మన్ ఇక్కడ ఒక అడుగు ముందుకేసి, నిప్పడిగినవాడు కూడా ఏడుస్తున్నవాడి మేలు కోరే అడిగాడని చూపించాడు. ఆ మంచి ఉద్దేశమే నన్ను భయపెడుతుంది.

కెమెరా ఆయన ముఖం మీద ఉన్నప్పుడు ధ్వని కూడా వినండి. అరుపులు, మంట చిటపటలు. ఆయన మాత్రం దాదాపుగా ఏమీ అనడు.

ఎనిమిదో మెట్టు: టికెట్లు, ఆర్పిన లైట్లు

హవెల్కాను హాలుకు తీసుకొస్తారు. జనం మనసు కరిగి, తమ లక్కీ డ్రా టికెట్లన్నీ పోగుచేసి ఆయనకు ఇచ్చేస్తారు. అప్పటికి బల్ల దాదాపు ఖాళీ. దొంగిలించబడిన వస్తువులకు చెల్లే టికెట్లు, దొంగిలించినవాళ్ళే దానం చేస్తున్నారు. ఆయన మర్యాదగానే అంటాడు, నాకు కావాల్సింది డబ్బు, ఈ కాగితాలు కాదని. సినిమా మొత్తంలో ఇంత సూటి మాట మరొకటి లేదు. ప్రభుత్వాలు హామీ పత్రాలతో కడుపు నింపే చోట బతికినవాళ్ళకు ఇది ఎంత గుచ్చుకుని ఉంటుందో ఊహించండి.

తర్వాత కమిటీకి ఒక ఉపాయం తడుతుంది. లైట్లు ఆర్పేస్తాం, తీసినవాళ్ళు తెచ్చి పెట్టెయ్యండి, ఎవరినీ ఏమీ అనం. లైట్లు ఆరతాయి. వెలుగుతాయి. బల్ల దగ్గర ట్లాచెంకా పట్టుకుని దొరికిపోయినవాడు యోసెఫ్ ఒక్కడే. తీసినందుకు కాదు, తిరిగి పెడుతున్నందుకు పట్టుబడ్డాడు. అక్కడే కుప్పకూలిపోతాడు. లైట్లు వెలిగినప్పుడు చుట్టూ ఉన్న ముఖాల్లో ఒక నిట్టూర్పు కనిపిస్తుంది చూడండి, దొరికింది మనం కాదన్న ఊరట.

తొమ్మిదో మెట్టు: కమిటీ గదిలో జరిగే తీర్పు

మళ్ళీ మూసిన తలుపులు, మళ్ళీ చర్చ. యోసెఫ్ తెచ్చి పెట్టడం తప్పని తేలుతుంది. నిజాయితీగా ఉండాలనే కదా చేశాను అంటే, దళం పరువు నీ నిజాయితీకన్నా పెద్దది అన్న అర్థంలో సమాధానం వస్తుంది. సంస్థ ప్రతిష్ఠ కోసం నిజాన్ని నొక్కెయ్యడం అన్న ఈ ఒక్క సూత్రం మీద ఆ రోజుల్లో దేశం మొత్తం నడిచింది. అది ఎవరి నోటా నినాదంగా రాకుండా, పంది మాంసం ముక్క గురించిన కీచులాటలో వచ్చింది. ఈ సినిమా నా లెక్కలో గొప్పదవడానికి కారణం అదే.

ఒక సంగతి గమనించే ఉంటారు. సినిమాలో పార్టీ ప్రసంగం లేదు, పోలీసు దర్యాప్తు లేదు, పైనుంచి వచ్చిన ఆదేశం లేదు. కమ్యూనిస్టు పాలన మీద వ్యంగ్యం అని చదివి కూర్చున్నవాళ్ళు వాటికోసం వెతుకుతూ అసలైనది వదిలేస్తారు. తాను ప్రతీకలు పెట్టాలని పూనుకోలేదని, కామెడీని నిజాయితీగా తీస్తే అర్థం దానంతటదే వస్తుందని నమ్మానని ఫోర్మన్ చెప్పాడు. ఆ మాట నమ్మండి. వొస్త్రిచిల్ పాత్ర ఏ నాయకుడికి ప్రతీక, గొడ్డలి దేనికి ప్రతీక అని పట్టికలు వేసుకోకండి. కమిటీని కమిటీగా చూడండి చాలు.

పదో మెట్టు: ఆ ఇద్దరి ముగింపులు

ఏం ప్రకటించాలో తేల్చుకుని కమిటీ బయటికొచ్చేసరికి హాలు ఖాళీ. ఒకే ఒక్కడు కూర్చుని ఉంటాడు, మాజీ అధ్యక్షుడు. రాత్రంతా ఆయన తన వంతు కోసం వేచి ఉన్నాడు. పెట్టె ఇస్తారు. ఆయన లేచి, నిటారుగా నిలబడి, నిండు సభలో మాట్లాడుతున్నట్టు కృతజ్ఞతలు చెప్తాడు. పదాలు మర్యాదగా, పొందికగా వస్తాయి. ఆ రాత్రి చెయ్యాల్సిన పని సక్రమంగా చేసింది ఆయనొక్కడే. తర్వాత పెట్టె తెరుస్తాడు. గొడ్డలి లేదు.

ఆయన ముఖాన్ని మూడు నాలుగుసార్లు చూడొచ్చు. కమిటీ ముఖాలను కూడా. మొదటి సన్నివేశంలో ఆ పెట్టెను చేతుల్లో తిప్పుకుంటూ మురిసిపోయింది వీళ్ళే.

ఇక హవెల్కా. మంటల్లోంచి బయటపడేసిన సామాను మంచులో ఉంది, మంచంతో సహా. కాపలా ఉన్న దళం మనిషి అప్పటికే ఆ మంచంలో పడుకుని ఉన్నాడు. ముసలాయన వచ్చి రెండోవైపు దుప్పటిలో దూరతాడు. ఇల్లు లేదు, పైన ఆకాశం, పక్కన తనను కాపాడాల్సినవాడు. ఫోర్మన్ ఇక్కడ ఎవరినీ తిట్టడు. ఇద్దరికీ చలేస్తోంది, అంతే.

పదకొండో మెట్టు: తెర బయట జరిగినది ఇప్పుడు చదవండి

ఈ చరిత్రను ముందే చదివితే సినిమాను వీరగాథలా చూస్తారు. అందుకే చివర పెట్టాను.

ఇటలీ నిర్మాత కార్లో పాంటి ఈ సినిమాకు విదేశీ డబ్బు పెట్టాడు. పూర్తయిన సినిమా చూసి నచ్చక, ఒప్పందంలో రాసుకున్న నిడివికన్నా తక్కువుందన్న షరతు పట్టుకుని డబ్బు వెనక్కి ఇమ్మన్నాడు. రాజ్యానికి ఆర్థిక నష్టం కలిగించడం చెకొస్లొవేకియాలో జైలుకు పంపగలిగే నేరం. ఫోర్మన్ మెడ మీద కత్తి వేలాడింది. అప్పుడు ఫ్రాన్స్ నుంచి సినిమా దర్శకులు ఫ్రాన్సువా త్రుఫో, క్లోద్ బెరీ ముందుకొచ్చి విదేశీ హక్కులు కొని గండం గట్టెక్కించారు.

దేశంలో అగ్నిమాపక దళాలకు కోపం వచ్చింది. ఫోర్మన్ వాళ్ళకు సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. 1968 మేలో సినిమా ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవం పోటీకి వెళ్ళింది. ఫ్రాన్స్‌లో విద్యార్థుల, కార్మికుల తిరుగుబాటుకు మద్దతుగా ఉత్సవాన్ని ఆపెయ్యాలని పట్టుబట్టినవాళ్ళలో త్రుఫో ముందున్నాడు. ఫోర్మన్ తన సినిమాను పోటీ నుంచి వెనక్కి తీసుకున్నాడు. ఆగస్టులో సైన్యాలు ప్రాగ్‌లోకి వచ్చినప్పుడు అతను పారిస్‌లో ఉన్నాడు. ఆ తర్వాత అమెరికాలో స్థిరపడ్డాడు, ఇది అతని ఆఖరి చెకొస్లొవేకియా సినిమాగా మిగిలింది. కొత్త పాలనలో సినిమా అటకెక్కింది. ఆ ఏటి ఆస్కార్‌లో ఉత్తమ విదేశీ భాషా చిత్రం విభాగంలో నామినేషను వచ్చింది. బహుమతి సోవియట్ యూనియన్ తీసిన ‘వార్ అండ్ పీస్’కు వెళ్ళింది.

పన్నెండో మెట్టు: నలుగురికి చూపించేటప్పుడు

ఫిల్మ్ క్లబ్బులోనో ఇంట్లోనో ప్రదర్శన పెడితే ముందు ఉపన్యాసం వద్దు. రెండో మెట్టులో చెప్పిన నాలుగు సంగతులు ఐదు నిమిషాల్లో చెప్పి లైట్లు ఆర్పెయ్యండి. ట్లాచెంకా అంటే ఏమిటో తప్పక చెప్పండి, లేకపోతే చీకట్లో పది ప్రశ్నలు వస్తాయి. స్కూలు పిల్లలకైతే అందాల పోటీ భాగం ఉందని గుర్తుంచుకుని నిర్ణయించుకోండి. కాలేజీ విద్యార్థులకు నిర్భయంగా చూపించొచ్చు.

సినిమా అయ్యాక ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది’ అనే వస్తుంది. ఇలా అడగండి: యోసెఫ్ ట్లాచెంకాను తిరిగి పెట్టకుండా ఉంటే అతనికేమైనా అయ్యేదా? కుర్చీని మంట దగ్గరికి జరిపినవాడి స్థానంలో మీరుంటే ఏం చేసేవాళ్ళు? టాయిలెట్లో గడియ పెట్టుకున్న అమ్మాయిలు ఏం మాట్లాడుకుని ఉంటారు? ఈ మూడో ప్రశ్నకు ఆడవాళ్ళ నుంచి వచ్చే జవాబులు వినడానికే ఒక ప్రదర్శన పెట్టొచ్చు.

ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, చిన్న ఊరి మామూలు మనుషులను చూసి నవ్వడం అహంకారం కాదా అని. పాంటి కూడా ఇలాంటి అభ్యంతరమే చెప్పాడంటారు. చర్చను అణచకండి. నా వరకు నేను ఫ్రేములను చూపించి మాట్లాడతాను. ముసలి అధ్యక్షుడు కృతజ్ఞతలు చెప్తున్నప్పుడు కెమెరా ఆయన్ను పూర్తిగా మాట్లాడనిస్తుంది. ఎగతాళి చెయ్యాలనుకున్నవాడు ఆ ఓపిక చూపించడు.

తర్వాత ఏం చూడాలి

ఫోర్మన్ 1965లో తీసిన ‘లవ్స్ ఆఫ్ ఎ బ్లాండ్’ మొదట చూడండి. ఆడవాళ్ళే ఎక్కువున్న ఒక ఫ్యాక్టరీ ఊరికి మగవాళ్ళను రప్పించాలని పైవాళ్ళు సైన్యాన్ని అడుగుతారు, దిగేది నడివయసు రిజర్వు సైనికులు. కమిటీ తెలివి ఎలా పనిచేస్తుందో అక్కడ లేత రూపంలో ఉంది. తర్వాత హంగరీ దర్శకుడు పేటర్ బాచో 1969లో తీసిన ‘ది విట్నెస్’. అందులో పార్టీ, రహస్య పోలీసులు, బూటకపు విచారణ అన్నీ తెర మీదే ఉంటాయి. రెండు సినిమాలనూ పక్కపక్కన పెట్టుకుంటే, ఫోర్మన్ అవేవీ చూపించకుండా ఏం సాధించాడో తేటతెల్లమవుతుంది. ఆపైన అతను అమెరికాలో 1975లో తీసిన ‘వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్’. బేస్‌బాల్ మ్యాచ్ టీవీలో చూడాలా వద్దా అని మానసిక వైద్యశాల వార్డులో రోగులంతా చేతులెత్తి ఓటు వేసే సమావేశం ఒకటి ఉంటుంది అందులో. నర్సు ఓట్లు లెక్కపెట్టే తీరును, వ్రఖ్‌లాబీ కమిటీ గది తలుపులు మూసుకున్నాక జరిగిన చర్చతో పోల్చి చూడండి.